రాగి బిస్కెట్‌లో రాగులెన్ని?

ముందు వైపు రాగి కంకి బొమ్మ, మట్టి రంగు అట్ట, నాగలి పట్టిన రైతు. అదే ప్యాకెట్‌ని వెనక్కి తిప్పితే సన్న అక్షరాల్లో ఇలాంటి వరుస కనిపిస్తుంది: మైదా, చక్కెర, పామాయిల్, రాగి పిండి 8 శాతం, ఇన్వర్ట్ సిరప్, పొంగడానికి వేసే సోడాలు, ఉప్పు. ఈ వరుస కంపెనీ ఇష్టం కాదు. తయారీలో ఏ సరుకు ఎక్కువ బరువు పడితే దాని పేరే ముందు రావాలని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన. ముందు వైపు బొమ్మతోనో మాటతోనో ఏ సరుకునైతే గొప్పగా చూపించారో, అది ఎంత శాతం ఉందో కూడా వెనక రాసి తీరాలి. అందుకే ముందుగా ఆ శాతం అంకెను వెతకండి.

ఇక లెక్క. ప్యాకెట్ 75 గ్రాములు. అందులో 8 శాతమంటే 6 గ్రాముల రాగి పిండి, సుమారు రెండు టీస్పూన్లు. చక్కెర 100 గ్రాములకు 25 గ్రాములని రాసి ఉంటే ఈ ప్యాకెట్‌లో దాదాపు 19 గ్రాములు పడుతుంది. టీస్పూన్‌కి 4 గ్రాముల చొప్పున అది ఐదు స్పూన్లకు కాస్త తక్కువ. రాగులు పిల్లాడికి మంచిదని కొన్న ప్యాకెట్‌లో రాగుల కన్నా చక్కెర మూడింతలు ఉంది. అయినా అట్ట మీద ఒక్క అబద్ధం కూడా లేదు. రాగులున్నాయన్నారు, ఉన్నాయి. తల్లిదండ్రుల నమ్మకంతో చేసే ఈ వ్యాపారం చూస్తే నిజంగా బాధేస్తుంది.

సరుకుల వరుసలో ఇంకో కిటుకుంది. చక్కెర మొత్తం ఒకే పేరుతో వేస్తే అది జాబితాలో రెండో చోటుకో, ఒక్కోసారి మొదటి చోటుకో ఎక్కుతుంది. దాన్నే చక్కెర, లిక్విడ్ గ్లూకోజ్, ఇన్వర్ట్ సిరప్, డెక్స్‌ట్రోజ్, తేనె, ఖర్జూరం సిరప్ అని విడగొడితే ఒక్కొక్కటీ కిందికి జారిపోతుంది. కాబట్టి పేర్లు చూసి ఊరుకోకుండా పోషకాల పట్టికలో 'యాడెడ్ షుగర్స్' వరుస చూడండి. ఎన్ని పేర్లతో వేసినా పైనుంచి కలిపిన చక్కెర అంతా అక్కడ ఒక్క అంకెగా చేరాలి. పాల ఉత్పత్తుల్లో 'టోటల్ షుగర్స్' ఎక్కువగా కనిపించినా కంగారు పడక్కర్లేదు, పాలలో సహజంగా ఉండే లాక్టోజ్ కూడా అందులోకే వస్తుంది.

గోధుమల విషయంలో రెండు మాటలు గుర్తుంటే చాలు. 'రిఫైన్డ్ వీట్ ఫ్లోర్' అంటే మైదా. 'హోల్ వీట్ ఫ్లోర్' అంటే పొట్టుతో ఆడించిన గోధుమ పిండి. బ్రెడ్ గోధుమ రంగులో ఉన్నంత మాత్రాన గోధుమ బ్రెడ్ కాదు. జాబితాలో 150 అంకెతో మొదలయ్యే రంగు, అంటే కారమెల్, ఉంటే ఆ రంగు ఎక్కడిదో అర్థమైపోతుంది.

మధుమేహం ఉన్నవాళ్లు ఎక్కువగా మోసపోయేది 'షుగర్ ఫ్రీ' దగ్గర. 100 గ్రాముల్లో చక్కెర అర గ్రాముకు మించకపోతే ఆ మాట రాసుకోవచ్చు. కానీ షుగర్ ఫ్రీ బిస్కెట్ కూడా మైదాతోనే చేస్తారు. మైదా ఒంట్లో గ్లూకోజ్‌గానే మారుతుంది. పిండి పదార్థం నుంచి తీసే మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పొడి కలిపితే అది చాలావరకు చక్కెర వరుసలో కనిపించదు గానీ రక్తంలో చక్కెరను వేగంగా పెంచుతుంది. అందుకే వీళ్లు చూడాల్సింది మొత్తం కార్బోహైడ్రేట్ల అంకె. తీపి కోసం మాల్టిటాల్ లాంటివి వేసిన చాక్లెట్లు నాలుగైదు ముక్కలు ఒక్కసారే తింటే కడుపుబ్బరం, విరేచనాలు కావచ్చు. ఆ హెచ్చరిక కూడా అట్ట మీదే, ఎవరి కంటా పడని చోట ఉంటుంది.

'ఒక్కసారి తినే పరిమాణం' అనే లెక్కను నమ్మకండి. ఉప్పు, కొవ్వు తక్కువగా కనిపించేలా ఆ పరిమాణాన్ని చిన్నదిగా పెట్టుకునే వీలుంది. ఎప్పుడూ 100 గ్రాముల అంకె తీసుకుని మీరు నిజంగా తినే బరువుతో గుణించి 100తో భాగించండి. నూడుల్స్‌లో 100 గ్రాములకు సోడియం 1200 మిల్లీగ్రాములు ఉంటే 70 గ్రాముల ముక్కలో 840 మిల్లీగ్రాములు. సోడియాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు వస్తుంది, అంటే 2.1 గ్రాములు. రోజంతా కలిపి 5 గ్రాముల లోపే తినమంటారు. మన ఆవకాయ, మాగాయలకూ ఇదే లెక్క. ఇంట్లో పెట్టినదని ఉప్పు తగ్గదు.

నూనె డబ్బా మీద 'కొలెస్ట్రాల్ లేదు' అన్న మాటకు విలువే లేదు. పల్లీ నూనెలోనైనా పామాయిల్‌లోనైనా కొలెస్ట్రాల్ లెక్కలోకి వచ్చేంత ఉండదు, అది జంతువుల నుంచి వచ్చేది. నూనె దగ్గర చూడాల్సింది బరువు. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. పక్కనే అదే సైజులో కనిపించే ప్యాకెట్ మీద 840 గ్రాములో, 800 గ్రాములో ఉండొచ్చు. 910 గ్రాములది 138 రూపాయలు, 840 గ్రాములది 130 అనుకోండి. చూడ్డానికి రెండోది 8 రూపాయలు చవక. కిలోకి లెక్కేస్తే మొదటిది 151 రూపాయల 60 పైసలు, రెండోది 154 రూపాయల 80 పైసలు. ఈ భాగహారాలు చాలాసార్లు మీరు చేసుకోనక్కర్లేదు. ఎంఆర్‌పీ దగ్గరే గ్రాముకో, కిలోకో ఎంత పడుతుందో ముద్రించి ఉంటుంది, ఆ అంకెలు పోల్చుకోండి.

ఐస్‌క్రీమ్ డబ్బా మీద 'ఫ్రోజెన్ డెజర్ట్' అని ఉంటే అందులో పాల కొవ్వుకు బదులు మొక్కల నుంచి తీసే నూనెల కొవ్వు వాడారు. ఇష్టమైతే తినండి, పాల ధర మాత్రం ఇవ్వకండి.

అన్నిటికంటే ప్రమాదం జరిగింది ఓఆర్‌ఎస్ పేరుతో. విరేచనాలవుతున్న పిల్లలకు ఇవ్వమని చీటీలో ఓఆర్‌ఎస్ అని రాస్తే, మందుల షాపులో చాలాసార్లు చేతికిచ్చింది ఆ పేరు తగిలించుకున్న తీపి పానీయాల టెట్రా ప్యాక్. డబ్ల్యూహెచ్‌ఓ సూత్రం ప్రకారం లీటరు నీటిలో గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6, ట్రైసోడియం సిట్రేట్ 2.9, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు ఉండాలి. గ్లూకోజ్, సోడియం సరైన పాళ్లలో ఉంటేనే పేగు నీటిని బాగా లోపలికి పీల్చుకుంటుంది. చక్కెర ఎక్కువైతే అది ఒంట్లోని నీటినే పేగులోకి లాగి విరేచనాలను పెంచుతుంది. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీని మీద పోరాడారు. పానీయాల పేరులో ఓఆర్‌ఎస్ అని వాడటాన్ని 2022లో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఒకసారి నిషేధించి, కొద్ది నెలలకే 'ఇది డబ్ల్యూహెచ్‌ఓ చెప్పిన ఓఆర్‌ఎస్ కాదు' అన్న వాక్యం రాస్తే చాలంది. చివరికి 2025 అక్టోబరులో ఆ సడలింపును ఎత్తేసింది.

మందుల షాపులో ఇలా అడగండి: 'ఓరల్ రీహైడ్రేషన్ సాల్ట్స్ ఐ.పి.' (ఐ.పి. అంటే భారత ఔషధ ప్రమాణం) పొడి ప్యాకెట్. అది మందు కాబట్టి దాని మీద మందుల తయారీ లైసెన్స్ నంబరు ఉంటుంది. ఎఫ్ఎస్ఎస్ఏఐ గుర్తు కనిపిస్తే అది ఆహార పదార్థం, మీరు అడిగింది కాదు. లీటరు ప్యాకెట్‌ని కాచి చల్లార్చిన లీటరు నీటిలో మొత్తం ఒకేసారి కలపాలి. సగం పొడి గ్లాసులో వేసి అందాజుగా కలపకూడదు, పైన చక్కెర వేయకూడదు. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి.

లేబుల్ మీద తప్పనిసరి వివరాలు ఇంగ్లిష్‌లో గానీ హిందీలో గానీ ఉంటే చాలని నిబంధన. తెలుగులో రాయడం కంపెనీ దయ. తెలుగు మాత్రమే చదవగలిగిన అమ్మమ్మ చక్కెర ఎంతుందో తెలుసుకోలేదు, ముందున్న బొమ్మ మాత్రం చూడగలదు. ఇది మారాలి. అందాకా ఫోన్ కెమెరాతో అనువదించే యాప్‌ను ఇంట్లో పెద్దవాళ్లకు నేర్పండి.

రాగులే కావాలనుకుంటే రాగులే కొనండి. రెండు కిలోలు తెచ్చి రాళ్లు ఏరి, కడిగి, ఎండలో బాగా ఆరబెట్టి మరలో ఆడించుకుంటే అందులో నూటికి నూరు పాళ్లూ రాగులే. తడి మిగిలితే పిండి ఉండకట్టి ముక్కిపోతుంది. సజ్జలైతే వారానికి సరిపడానే ఆడించండి, ఆ పిండి త్వరగా చేదెక్కుతుంది.

ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్నప్పుడు తారీఖు చూడండి. 'బెస్ట్ బిఫోర్' రుచికి, నాణ్యతకు పెట్టిన గడువు. 'ఎక్స్‌పైరీ' లేదా 'యూజ్ బై' దాటితే తినకూడదు. పదిరోజుల్లో గడువు తీరే రెండు డబ్బాలు తెచ్చి ఒకటి చెత్తలో వేస్తే ఉచితం ఏమీ రాలేదు.

అట్ట మీద మాటకూ లోపలి సరుకుకూ పొంతన లేకపోతే ఫిర్యాదు చేయండి. కవరు పారేయకుండా ముందు వైపు, వెనక వైపు, బ్యాచ్ నంబరు, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు, బిల్లు ఫొటోలు తీసి ఉంచండి. ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో పెట్టవచ్చు, లేదా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు. బ్యాచ్ నంబరు లేకపోతే ఏ సరుకును పరీక్షించాలో అధికారికి తెలియదు, కాబట్టి కవరు మీద ఆ భాగాన్ని చింపకుండా పక్కకు కత్తిరించి ప్యాకెట్ తెరవండి.