బొమ్మలేసిన ఇంటర్వ్యూలు, పాత టేపులు

ఈమధ్య బ్లాంక్ ఆన్ బ్లాంక్ ఎపిసోడ్లు వరసపెట్టి చూస్తున్నా. అమెరికాలో పీబీఎస్ అనే పబ్లిక్ టీవీ వాళ్ళ డిజిటల్ స్టూడియోస్ తరఫున యూట్యూబ్‌లో వచ్చిన సిరీస్ అది. ఎవరో జర్నలిస్టు తన ఆర్టికల్ కోసం రికార్డ్ చేసుకుని, అది అచ్చయ్యాక ఏ అట్టపెట్టెలోనో పడేసిన టేపుని బయటికి తీసి, ఐదారు నిమిషాలకి కత్తిరించి దానికి బొమ్మలేస్తారు, అంతే. డేవిడ్ గెర్లాక్ అని ఆయనా జర్నలిస్టే, మొదలెట్టింది ఆయన. బొమ్మలు చాలావరకు ప్యాట్రిక్ స్మిత్‌వి.

అమెరికన్ రాక్ సింగర్ జానిస్ జోప్లిన్ ఎపిసోడ్ ఉంది. 1970 సెప్టెంబర్ 30న హోవర్డ్ స్మిత్ అనే జర్నలిస్టుతో మాట్లాడింది, అక్టోబర్ 4న పోయింది, 27 ఏళ్ళకే. ఆ సంగతి మనకి తెలుసు, టేపులో ఆవిడకి తెలీదు కదా, నవ్వుతుంది, విసుక్కుంటుంది, ఆడవాళ్ళలోనే కొందరు తనని ఎందుకు తప్పుపడుతున్నారో అర్థం కావట్లేదంటుంది. ఇదే వీడియో ఇంటర్వ్యూ అయ్యుంటే మనం జుట్టూ, కళ్ళజోడూ, పూసలూ చూస్తూ కూర్చుంటాం. నాకైతే గొంతు ఒక్కటే ఉండబట్టే అందులో భయం వినిపించింది.

జాజ్ సంగీతకారుడు జాన్ కోల్ట్రేన్‌ది ఇంకో రకం. 1966లో ఫ్రాంక్ కోఫ్‌స్కీ ఇంటర్వ్యూ చేసింది స్టూడియోలో కాదు, కోల్ట్రేన్ కార్లో, ఒక సూపర్ మార్కెట్ పార్కింగ్‌లో! అంత పెద్ద శాక్సఫోన్ మనిషి నెమ్మదిగా, వెతుక్కుంటూ మాట్లాడతాడు. కెమెరా పెట్టుంటే ఆ మౌనాలన్నీ ఎడిటింగ్‌లో ఎగిరిపోయేవనుకుంటా.

అయితే బొమ్మలు మరీ చురుగ్గా ఉంటే నాకు చిరాకు. ఐ మెట్ ద వాల్రస్ అని 2007లో జోష్ రాస్కిన్ ఒక చిన్న యానిమేషన్ సినిమా తీశాడు, ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. 1969లో టొరంటోలో బీటిల్స్ బ్యాండ్ జాన్ లెనన్ దిగిన హోటల్‌కి జెర్రీ లెవిటన్ అనే పద్నాలుగేళ్ళ పిల్లాడు వెళ్ళి, ఎలాగో గదిలోకి దూరి, ఇంటర్వ్యూ కూడా సంపాదించేశాడు (మన ఇంట్లో అయితే ముందు స్కూలెందుకు ఎగ్గొట్టావని తిట్టేవాళ్ళు). కథ అద్భుతం, గీతలూ అద్భుతం, కానీ లెనన్ ఏ మాటంటే ఆ మాటకి బొమ్మ పుట్టేస్తుంటుంది, ఒకటి చూసేలోపు ఇంకోటి. రెండోసారి కళ్ళు మూసుకుని విన్నా, అప్పుడే ఆయన ఆ పిల్లాడితో ఎంత ఓపిగ్గా, పెద్దవాడితో మాట్లాడినట్టు మాట్లాడాడో తెలిసింది.

దీనికి పూర్తి రివర్స్ 2004లో క్రిస్ లాండ్రెత్ తీసిన రయాన్ అనే చిన్న యానిమేషన్ సినిమా, దానికి ఆస్కార్ వచ్చింది. రయాన్ లార్కిన్ ఒకప్పుడు కెనడాలో గొప్ప యానిమేటర్, తర్వాత తాగుడూ కొకైనూ, మాంట్రియల్ వీధుల్లో చిల్లర అడుక్కోవడం. సినిమాలో ఆయన తల సగం ఊడిపోయి లోపల ఖాళీ కనిపిస్తుంటుంది, మాట మాత్రం లాండ్రెత్ ఆయనతో మాట్లాడిన అసలు టేపులోదే. తాగుడు మానమని లాండ్రెత్ మెల్లగా ఎత్తగానే ఆయనకి ఎక్కడలేని కోపం వస్తుంది, అక్కడ నేను పాజ్ కొట్టి లేచి ఇల్లంతా తిరిగొచ్చా. ఇక్కడ బొమ్మ మాటని రిపీట్ చెయ్యట్లేదు, మాటలో లేనిది చెప్తోంది.

మన దగ్గర కూడా ఆకాశవాణిలో రికార్డయిన గొంతులున్నాయి, విజయవాడ కేంద్రం 1948లోనే మొదలైంది. వాటికి ఎవరైనా ఓపిగ్గా చేత్తో బొమ్మలేస్తే నేను రోజంతా చూస్తా. కానీ ఇప్పుడు ట్రెండేమో పోయినవాళ్ళ పాత ఫొటో తీసుకుని ఏఐతో నోరు కదిలించడం, కళ్ళు టపటపలాడించడం. ఫొటో బానే ఉంటుంది, గొంతూ బానే ఉంటుంది, రెండూ కలిపేసరికి మాత్రం చూడలేక సౌండ్ ఉంచి ఫోన్ బోర్లా పెట్టేస్తున్నా.