శుక్రవారం ఆల్బమ్, శనివారం మృదంగం

2015 జూలై నుంచి ప్రపంచంలో చాలా దేశాల్లో కొత్త ఆల్బమ్‌లు శుక్రవారమే విడుదలవుతున్నాయి. అమెరికాలో పుట్టి పెరుగుతున్న మా అబ్బాయి పాఠశాల జాజ్ బృందంలో ఆల్టో శాక్సొఫోన్ వాయిస్తాడు, శనివారాలు మృదంగం నేర్చుకుంటాడు. అందువల్ల ముందురోజు వచ్చిన జాజ్ ఆల్బమ్‌ను మృదంగం తరగతికి వెళ్ళే దారిలో కారులో వినడం మా ఇద్దరికీ అలవాటైంది. ఫోనులో సాధారణంగా ముందు కనిపించేది ముఖ్య కళాకారుడి పేరూ అట్ట మీది బొమ్మా మాత్రమే. పక్కవాద్యం ఎవరో తెలుసుకోకుండా కచేరీకి వెళ్ళని ఇంట్లో పెరిగిన నాకు అది మింగుడుపడదు. బాస్ వాద్యం ఎవరిది, డ్రమ్స్ ఎవరివి అని వెతికి చదివే పని వాడికి అప్పగించాను. ఆ పేర్ల వెంట వెళ్ళడం వల్లే, పిల్లల పెంపకం గురించి నేను స్థిరంగా నమ్ముతూ వచ్చిన కొన్ని సంగతులు కదిలిపోయాయి.

2024 ఫిబ్రవరిలో ఇ.సి.ఎం. రికార్డుల సంస్థ విడుదల చేసిన ‘కంపాషన్’ ఆల్బమ్‌ను తీసుకుందాం. పియానో వాయించిన విజయ్ అయ్యర్ తమిళ దంపతులకు న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో 1971లో పుట్టారు. చిన్నతనంలో నేర్చుకున్నది పాశ్చాత్య పద్ధతిలో వయొలిన్; పియానో చాలావరకు స్వయంగా పట్టుబడిన విద్య. బాస్ వాయించిన లిండా మే హాన్ ఓ మలేషియాలో చైనీయ కుటుంబంలో పుట్టి, ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో పెరిగారు. డ్రమ్స్ మీద ఉన్న టైషాన్ సోరీ న్యూజెర్సీ రాష్ట్రంలోని న్యూఆర్క్ నగరానికి చెందిన ఆఫ్రికన్ అమెరికన్. అదే ఏడాది సంగీత రచనకు పులిట్జర్ బహుమతి అందుకున్నారు. ముగ్గురిలో ఇద్దరు వలస వచ్చినవారి బిడ్డలే అయినా, ఆ ఆల్బమ్‌లో ఎవరూ తమ మూలాలను జెండాలా ఎగరేయరు. అందులో స్టీవీ వండర్ పాట ఉంది, రాస్కో మిచెల్ రచన ఉంది, జెరీ ఆలెన్ రచన ఉంది. అంటే తమకంటే ముందు ఈ విద్యలో ఉన్న నల్లజాతి పెద్దల బాణీలను కూర్చుని, అరగదీసి, తమ చేతుల్లోకి తెచ్చుకున్నారన్న మాట.

మన ఇళ్ళలో ఈ మాట ఎక్కువగా వినిపించదు. పిల్లవాడు రెంటికీ చెడ్డ రేవడి అవుతాడేమో అని భయపడతాం. ఆ రెండూ ఏవని అడిగితే, ఒకటి మనది, రెండోది ‘ఇక్కడిది’ అంటాం. కానీ జాజ్ ఊరికే ఇక్కడిది కాదు. బానిసత్వం నుంచీ ఆ తరువాతి అవమానాల నుంచీ బయటపడుతూ, న్యూ ఆర్లియన్స్ వంటి చోట్ల ఆఫ్రికన్ అమెరికన్లు కూడబెట్టుకున్న ఆస్తి అది. మృదంగానికి గురువు ఎవరు, ఆయన ఎవరి శిష్యుడు అని నాలుగు చోట్ల విచారించే మనమే, పాఠశాల జాజ్ బృందాన్ని కళాశాల దరఖాస్తులో ఒక వరుసగా చూస్తాం. ఈ తేడా నాకు న్యాయంగా తోచదు. 2025లో అయ్యర్, ట్రంపెట్ విద్వాంసుడు వాడాడా లియో స్మిత్‌తో కలిసి ‘డిఫయంట్ లైఫ్’ అనే ఆల్బమ్ చేశారు. స్మిత్ 1941లో మిసిసిపీ రాష్ట్రంలో పుట్టిన మనిషి, అయ్యర్‌కు ముప్ఫై ఏళ్ళు పెద్ద. ట్రంపెట్ ఒక్క స్వరాన్ని పట్టి నిలిపినప్పుడు పియానో తొందరపడకుండా ఆగే తీరు వింటే, పెద్దల ఎదుట ఎలా మసలుకోవాలో వేరే చెప్పనక్కరలేదనిపిస్తుంది.

తాళం దగ్గర మాత్రం మా ఇంట్లో ఇప్పటికీ తగవే. కారులో పాట మొదలుకాగానే నా చెయ్యి అలవాటుగా ఒకటో దెబ్బ మీద తొడను తాకుతుంది. “నాన్నా, ఒకటి మీద కాదు, రెండు, నాలుగు మీద” అని వాడు వేళ్ళతో చిటికె వేసి చూపిస్తాడు. స్వింగ్ అనే జాజ్ నడకలో డ్రమ్మరు కాలితో తొక్కే హై-హాట్ తాళపు చిప్పలు సాధారణంగా ఆ రెండు చోట్లే మూసుకుంటాయి. ఒక దెబ్బను రెండుగా పంచేటప్పుడు మొదటి భాగం పొడుగ్గా, రెండోది పొట్టిగా వస్తుంది. మధ్యరకపు వేగంలో అది దాదాపు దెబ్బను మూడుగా పంచే తిశ్ర నడకే. ‘తకిట’ అంటూ మధ్య అక్షరాన్ని మింగేసి చూడమన్నాను. వాడు శాక్సొఫోన్ మీద అలాగే వాయించి, వేగం పెరిగితే ఈ లెక్క పనికిరాదని కూడా నిరూపించాడు.

ఇంట్లో ముందే అన్నీ నూరిపోయకపోతే మూలాలు తెగిపోతాయన్న వాదనకు రుద్రేశ్ మహంతప్ప మంచి జవాబు. కన్నడ కుటుంబంలో ఇటలీలోని ట్రియెస్ట్‌లో పుట్టి, కొలరాడోలో పెరిగిన ఈ ఆల్టో శాక్సొఫోన్ విద్వాంసుడికి మన సంగీతం కూడా వచ్చే ఉంటుందని అందరూ అనుకునేవారట. నిజానికి, అన్నగారు వేళాకోళంగా ఇచ్చిన, శాక్సొఫోన్ మీద కర్ణాటక సంగీతం వాయించిన కద్రి గోపాలనాథ్ రికార్డు విన్నాకే ఆయనకు ఆ దారి తెరుచుకుంది. తరువాత గోపాలనాథ్‌తోనే కలిసి 2008లో ‘కిన్స్‌మెన్’ తెచ్చారు. అందులో వయొలిన్ మన విజయనగరం బిడ్డ అవసరాల కన్యాకుమారిగారిది. ఆ పేరు కనబడగానే నేను కారులో పెద్దగా చదివినందుకు మావాడు నవ్వాడు గానీ, ఆ ఆల్బమ్‌ను వాడే మళ్ళీ మళ్ళీ పెడుతున్నాడు. కింది పెదవిని కాస్త వదులు చేసి శాక్సొఫోన్ స్వరాన్ని జార్చడం వాడికి వచ్చు. అలా జారిన స్వరం పై స్వరాన్ని తాకి సరిగ్గా వెనక్కి వచ్చి నిలవడం మాత్రం ఇంకా కుదరడం లేదు. గమకం పెదవితో రాదనీ, ముందు గొంతుతో పాడుకోవాలనీ నా అభిప్రాయం. వాడు ఒప్పుకోలేదు.

ఈ మధ్య మేం ఎక్కువగా వింటున్నది రజనా స్వామినాథన్ 2023 ఆల్బమ్ ‘అపర్చర్స్’. మృదంగ విద్వాంసులు ఉమయాళ్‌పురం శివరామన్ శిష్యురాలైన ఆమె మృదంగాన్ని జాజ్ బృందం మధ్యలో కూర్చోబెట్టారు. అది అక్కడ అలంకారంలా ఉండదు, మిగతావారు దాని నడకను పట్టుకుని కదులుతారు. దీన్ని మృదంగం మాస్టారికి వినిపించవచ్చా అని మావాడు అడిగాడు. వినిపించమన్నాను. ఆయన ఒక చోట ఆపించి, తీర్మానం, అంటే ముగింపు జతి, ఎక్కడ మొదలైందో చెప్పమన్నారు. వాడు తప్పు చెప్పాడు. దాన్ని తాళం వేస్తూ నోటితో చెప్పగలిగే వరకు కొత్త పాఠం లేదన్నారు. ప్రస్తుతం మా కారులో ఆ ఒక్క ట్రాకే తిరుగుతోంది, వచ్చే శుక్రవారం విడుదలలు వాయిదా పడ్డాయి.