పెద్ద హెచ్ ఉన్న హాస్పిటల్

నాన్నగారికి డెంగీ వస్తే మా తెనాలిలోనే, ఇంటికి రెండు వీధుల అవతల ఉన్న నర్సింగ్ హోమ్‌లో చేర్చాం. ఎనిమిది పడకలు, కింద మందుల షాపు, పై అంతస్తులో డాక్టరుగారి ఇల్లు. ప్లేట్‌లెట్లు పడిపోయి నాలుగు రోజులు టెన్షన్ పెట్టాయి గానీ క్షేమంగా ఇంటికొచ్చారు. బిల్లు 38,600 రూపాయలు. క్యాష్‌లెస్ లేని చోటు కాబట్టి ముందు మేమే కట్టి, కాగితాలన్నీ బీమా కంపెనీకి పంపాం. మూడు వారాలకు జవాబు వచ్చింది. చికిత్స జరిగిన చోటు పాలసీ ప్రకారం హాస్పిటల్ కాదట, అందుకని డబ్బు ఇవ్వలేరట.

నాన్నగారికి ఒళ్ళు మండింది. "ఆసుపత్రి కాకపోతే నాకు నాలుగు రోజులు సెలైన్ ఎక్కించింది ఎక్కడట్రా, సినిమా హాల్లోనా?"

ఆ ఉత్తరం పదిసార్లు చదివి ఉంటాను. వాక్యం మధ్యలో ఉన్నా సరే, హాస్పిటల్ అన్న మాట పెద్ద హెచ్‌తో మొదలైంది. చూశాను గానీ పట్టించుకోలేదు. వాక్యం మొదట్లో, మనుషుల పేర్లకి, ఊళ్ళ పేర్లకి పెద్ద అక్షరం పెట్టాలని బళ్ళో చెప్పారు, అంతవరకే తెలుసు. తెలుగులో ఆ గొడవే లేదు కదా, 'అ' ఎక్కడున్నా ఒకటే సైజు. అందుకే ఇంగ్లీషు కాగితాల్లో మధ్యమధ్య పెద్ద అక్షరాలు కనిపిస్తే మర్యాదకు పెట్టారనో, టైపు చేసినవాడి అలవాటనో అనుకుని దాటేసేవాణ్ణి.

ఆ రాత్రే కోపంగా ఒక ఉత్తరం రాసి పంపాను. ఇప్పుడు చదివితే నాకే నవ్వొస్తుంది. ఫాదర్, ఫీవర్, బిల్స్, ప్రీమియం, జస్టిస్... ముఖ్యం అనిపించిన ప్రతి మాటకీ పెద్ద అక్షరమే. వాళ్ళు పెట్టారుగా, మనమూ పెడదాం అన్నట్టు. వారం తిరక్కుండానే జవాబొచ్చింది. తేదీ మార్చిన పాత ఉత్తరమే అది.

మా అమ్మాయి నా ఉత్తరం చూసి, "నాన్నా, ఇది ఇంగ్లీషు శుభలేఖలా ఉంది. చదివేవాళ్ళకి నువ్వు కేకలేస్తున్నట్టు అనిపిస్తుంది" అంది. అది జర్మనీలో చదువుకుందామని జర్మన్ నేర్చుకుంటోంది. అక్కడ నామవాచకం ఏదైనా పెద్ద అక్షరంతోనే మొదలవ్వాలట, కుర్చీ అయినా ఉప్పు అయినా. అది వాళ్ళ వ్యాకరణం కాబట్టి ఎవరూ వింతగా చూడరు. డేనిష్ వాళ్ళు కూడా అలాగే రాసేవాళ్ళు, 1948లో మానేశారు. ఇంగ్లీషులోనూ ఒకప్పుడు ఆ పద్ధతి ఉండేది. 1787 నాటి అమెరికా రాజ్యాంగం మూలప్రతి చూస్తే నామవాచకాలు చాలావరకు పెద్ద అక్షరాలతోనే ఉంటాయి. తరవాత ఆ వాడుక పోయింది. పోయింది కాబట్టే, ఇప్పుడు మామూలు మాట ఒకటి వాక్యం మధ్యలో పెద్ద అక్షరంతో కనబడితే చదివేవాడు ఆగుతాడు, ఇదొక్కటే ఎందుకు లేచి నిలబడిందా అని. నా ఉత్తరంలో అన్నీ లేచి నిలబడ్డాయి. ఇక ఎవర్ని చూడాలి?

మరి కంపెనీ వాళ్ళ పెద్ద హెచ్ సంగతేమిటన్నది అమ్మాయికీ తెలియలేదు. చెప్పింది మా వీధి చివర ఉండే బాబాయి. నాకు చుట్టం కాదు గానీ, చిన్నప్పటినుంచీ అలా పిలవడమే. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా కూర్చుని నలభై ఏళ్ళు దస్తావేజులు రాసిన మనిషి. ఉత్తరం కళ్ళజోడుకి దగ్గరగా పెట్టుకుని చూసి, "ఇది మన సదరు రా అబ్బాయ్" అన్నారు.

నాకు అర్థం కాలేదు. "దస్తావేజులో ఆస్తి వివరం, హద్దులు షెడ్యూల్లో ఒక్కసారి రాస్తాం. ఆపైన సదరు ఆస్తి అంటే లోకంలో ఉన్న ఆస్తులన్నీ కాదు, ఆ నాలుగు హద్దుల మధ్య ఉన్నదే. వీళ్ళు ప్రతిసారీ సదరు అని రాయకుండా అక్షరం పెద్దది చేసి ఊరుకున్నారు. వీళ్ళ షెడ్యూలు ఎక్కడుందో వెతుకు."

పాలసీ 42 పేజీలు. నాలుగో పేజీ నుంచే నిర్వచనాలు మొదలయ్యాయి. పసుపు రంగు హైలైటర్ తీసుకుని, వాక్యం మధ్యలో పెద్ద అక్షరం ఉన్న ప్రతి మాట మీదా గీత గీశాను. రెండు రాత్రులు పట్టింది. యాక్సిడెంట్, ఇల్‌నెస్, మెడికల్ ప్రాక్టీషనర్, అన్నిటికీ హద్దులున్నాయి. 'ఎనీ వన్ ఇల్‌నెస్' అన్న మూడు మాటలూ పెద్ద అక్షరాలతోనే ఉన్నాయి. చికిత్స చేసిన ఆసుపత్రిలో చివరిసారి చూపించుకున్న 45 రోజుల్లోపు జబ్బు తిరగబెడితే అది కొత్త జబ్బు కాదు, పాతదే అని దాని అర్థం. మామూలుగా చదివితే ఆ సంగతి ఎవరికి తడుతుంది? అంబులెన్సు గురించి రాసిన చోట మాత్రం హాస్పిటల్‌కి చిన్న హెచ్ ఉంది. అది కావాలని పెట్టిందా, పొరపాటా అని బాబాయిని అడిగితే, "గుమాస్తాలు అన్ని దేశాల్లోనూ ఉంటార్రా" అని నవ్వారు.

ఇక హాస్పిటల్ నిర్వచనం. ఇది ఏ కంపెనీ సొంతంగా రాసుకున్నది కాదు, అన్ని ఆరోగ్య పాలసీల్లోనూ ఒకేలా ఉండాలని బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ ఐఆర్‌డీఏఐ పెట్టింది. పది లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్ళో కనీసం 10 పడకలు, పెద్ద ఊళ్ళో అయితే 15, రాత్రీ పగలూ నర్సులు, డాక్టరు, సొంత ఆపరేషన్ థియేటరు, రోజువారీ రికార్డులు ఉండాలి. మాది ఎనిమిది పడకల చోటు. అయిపోయిందనుకున్నాను. కానీ హద్దులన్నీ చదవాలి కదా అని పైనుంచి మళ్ళీ మొదలుపెట్టాను. పడకల లెక్కకు ముందు 'లేదా' అని ఒక మాట ఉంది. 2010 నాటి కేంద్ర క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద గానీ, ఆ చట్టం షెడ్యూల్లో ఉన్న రాష్ట్ర చట్టాల కింద గానీ హాస్పిటల్‌గా నమోదై ఉంటే చాలు. లేదా పడకలూ మిగతావీ ఉండాలి. ఆ షెడ్యూల్లో మన రాష్ట్రంలో ప్రైవేటు వైద్య సంస్థల రిజిస్ట్రేషన్ కోసం 2002లో చేసిన చట్టం ఉంది.

పొద్దున్నే నర్సింగ్ హోమ్‌కి పరిగెత్తాను. రిసెప్షన్ వెనక గోడమీద, దేవుడి పటం పక్కన, ఫ్రేము కట్టిన రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ వేలాడుతోంది. నాలుగు రోజులూ దాని ఎదురుగానే కూర్చున్నాను నేను.

రెండో ఉత్తరం ఈసారి కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ విభాగానికి రాశాను. తొమ్మిది వాక్యాలు. మా నాన్నగారికీ, జ్వరానికీ, బిల్లులకీ అన్నిటికీ చిన్న అక్షరాలే. హాస్పిటల్ అన్న మాట ఒక్కదానికి పెద్ద హెచ్ పెట్టి, పక్కన నిర్వచనం నంబరు వేసి, సర్టిఫికెట్ జిరాక్స్ జతచేశాను. న్యాయం అన్న మాట రాయలేదు. ఒప్పుకోకపోతే హైదరాబాద్‌లో బీమా కంపెనీల మీద ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్దామని ఆ కాగితాలు కూడా సిద్ధం చేసుకున్నాను. అక్కడ ఫీజు ఉండదు, లాయరు అక్కర్లేదు.

ఆ అవసరం రాలేదు. పన్నెండో రోజున 36,450 రూపాయలు ఖాతాలో పడ్డాయి.

వాళ్ళు పాలసీతో పాటు ఇచ్చిన తెలుగు కరపత్రం తరవాత తీసి చూశాను. అన్ని చోట్లా 'ఆసుపత్రి' అనే ఉంది. అది ఏ ఆసుపత్రో తెలుసుకోవడానికి అందులో దారే లేదు. కనీసం అక్షరాలు లావుగా అయినా వెయ్యలేదు. బాబాయికి చూపిస్తే, "నాకిస్తే సదరు పెట్టి రాసేవాణ్ణిగా" అన్నారు.

తగ్గించిన 2,150 రూపాయలకు కారణం 'నాన్ మెడికల్ ఎక్స్‌పెన్సెస్' అని రాశారు. మూడు మాటలకీ పెద్ద అక్షరాలే. నిర్వచనాల్లో వెతికితే లేదు గానీ, పాలసీ చివర్లో ఒక జాబితా ఉంది, అందులో చేతి గ్లౌజులున్నాయి. ఇంకో ఉత్తరం రాయనా అని నాన్నగారిని అడిగాను. ముందు కరెంటు బిల్లు కట్టి రమ్మన్నారు.