కాలువగట్టు పసుపు పూలు

మన బడి వెనక కాలువగట్టు మీద పచ్చగా కనిపించిన ప్రతి పూవూ తొమ్మిదో తరగతి దాకా నాకు గడ్డిచామంతే. పలక తుడిచింది దాని ఆకుతోనే. మోకాలు దోక్కుపోతే పిండుకున్నదీ దాని పసరే. అంత తెలిసిన మొక్కలో ఇంక చూసేదేముంది అనుకునేవాణ్ణి.

ఎండబెట్టిన మొక్కలు అంటించే హెర్బేరియం రికార్డులు దిద్దుతూ సైన్స్ మాస్టారు నా పేజీ దగ్గర ఆగారు. "గడ్డిచామంతి" అని రాసి అంటించిన కొమ్మని వేలితో తడిమి, "ఏరా, ఇదెక్కడ కోశావు?" అన్నారు. కాలువలో నీళ్ల అంచునండీ అన్నాను. కొట్టేయలేదు, మార్కులూ వేయలేదు. "పద" అని గట్టుకి తీసుకెళ్లారు.

రెండు పూలు కోసి నా అరచేతిలో పెట్టారు. "రంగు వదిలెయ్. రేకు కొస చూడు."

గడ్డిచామంతికి జానెడు కాడ, దాని చివర ఒక్కటే పూవు. రేకులు మామూలుగా ఐదే, వెలిసిపోయిన పసుపు, కొసన మూడు పళ్లు. ఆకు అంచు రంపంలా ఉంటుంది, ఒళ్లంతా నూగు. నేను తెచ్చినదానికి రేకులెక్కువ, రంగు ముదురు, ఆకు కోల. అది పచ్చ గుంటగలగర. మా మామ్మ తలనూనె కాచే గుంటగలగరకి పూలు తెల్లవి, అది మళ్లీ వేరు.

తర్వాత గోటితో పూవు మధ్య బొడ్డు చీల్చి, లెన్స్ నా చేతికిచ్చారు. బొడ్డులో ఒక్కో పోగూ ఐదు కొసలున్న బుల్లి పూవు! చుట్టూ ఉన్న ఒక్కో రేకూ ఒక పూవేనట. పొద్దుతిరుగుడు కుటుంబమంతా ఇలా బుల్లి పూల గుత్తులే. ఆ రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

ఎండిన గడ్డిచామంతి తలని ఊదితే గింజలు కుచ్చులు విప్పుకుని కాలువ మీదికి ఎగిరాయి. పచ్చ గుంటగలగర గింజకి ఆ వెంట్రుకల్లేవు, ఎంత ఊదినా కదల్లేదు.

అంతర్వేది ఎక్స్‌కర్షన్‌లో ఇసుక మీద పాకే ఇంకో పచ్చపూల మొక్క దొరికింది. బొడ్డు లేదు, అన్నీ రేకులే, తుంచితే పాలు. "ఆ రెండూ కాదండీ" అని పరిగెత్తుకెళ్లి చూపించాను. మాస్టారు నా పుస్తకంలో తన చేత్తో "లానియా" అని రాశారు. ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గరుంది.

మొన్న సంక్రాంతికి వెళ్తే గట్టంతా ముదురు పసుపు పరుపు. ఆకుకి మూడు చీలికలు. సింగపూర్ డైసీ. అమెరికా ఖండం నుంచి తోటల అందం కోసం తెచ్చిన మొక్క, పచ్చ గుంటగలగరకి దగ్గర చుట్టం. కణుపు కణుపుకీ వేరు దిగి మరోదాన్ని మొలవనివ్వదు. గడ్డిచామంతీ అక్కణ్ణుంచి వచ్చిందే, కానీ మన గట్టు మీద పక్కవాటికి చోటిచ్చింది. నాకు చాలా బాధేసింది.

లాకుల నుంచి రేవు దాకా వెతికితే పాత గడ్డిచామంతి ఒక్కచోట, చేలోకి దిగే గట్టు వార కనిపించింది. మన బడి పాత విద్యార్థులం కలిసే రోజు ఎండ ఎక్కకముందే వెళ్దాం. ఎవరెవరు వస్తారో చెప్పండి, చూపిస్తాను.