ఆ 28 బైట్లు ఎక్కడ పోయాయి? నా ఎన్‌కోర్ ప్రిపరేషన్ అనుభవం

ఫ్రెండ్స్, సిస్కో వాళ్ల నెట్‌వర్కింగ్ పరీక్ష 350-401 ఎన్‌కోర్ రిజల్ట్ నిన్న వచ్చింది. పాసయ్యాను. ఇది నా రెండో అటెంప్ట్. అమ్మకు ఫోన్ చేసి చెప్పేటప్పుడు గొంతు పెగల్లేదు. సిలబస్ ఏమిటో, 120 నిమిషాలు ఎలా పరిగెడతాయో, దాటేసిన ప్రశ్నకు మళ్లీ వెనక్కి వెళ్లలేమని మీకు తెలుసు. కాబట్టి మొదటిసారి ఎందుకు పోయిందో అదే రాస్తాను. పరీక్షలో ఏం వచ్చాయో మాత్రం అడగొద్దు, బయట చెప్పబోమని ఒప్పుకున్నాకే అక్కడ కూర్చుంటాం.

నాది నైట్ షిఫ్ట్. పొద్దున వచ్చి నాలుగు గంటలు పడుకుని ల్యాబ్ ముందు కూర్చునేవాణ్ణి. ఈవీఈ-ఎన్‌జీలో (కంప్యూటర్‌లోనే నెట్‌వర్క్ కట్టుకునే సాఫ్ట్‌వేర్) రెండు రౌటర్లు, మధ్యలో జీఆర్ఈ టన్నెల్ (ఒక ప్యాకెట్‌ని ఇంకో ప్యాకెట్‌లో చుట్టి పంపే దారి), దాని మీద ఓఎస్‌పీఎఫ్ (రౌటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే పద్ధతి), ఒక చివర లినక్స్ మెషిన్. జీఆర్ఈకి 1500లో 24 బైట్లు పోతాయి కాబట్టి టన్నెల్ ఎంటీయూ, అంటే ఒక్క ప్యాకెట్ గరిష్ఠ సైజ్, 1476. ఇది మనందరికీ కంఠస్థమే. రౌటర్ నుంచి సైజ్ 1476, డీఎఫ్-బిట్ (ముక్కలు చేయొద్దనే గుర్తు) పెట్టి పింగ్ చేస్తే, అంటే టెస్ట్ ప్యాకెట్ పంపితే, వెళ్లింది. లినక్స్ నుంచి అదే పనికి 'పింగ్ -ఎం డూ -ఎస్ 1476' కొడితే వెళ్లలేదు. తగ్గించుకుంటూ వస్తే 1448 దగ్గర వెళ్లింది, 1449 అనగానే ఆగిపోయింది. అదే టన్నెల్, అదే దారి. 28 బైట్లు ఎవరు తింటున్నారు?

రెండు రోజులు దీనితోనే పోయాయి. చివరికి ఒక రౌటర్ టన్నెల్ మీద 'ఐపీ ఎంటీయూ 1448' అని పెట్టేశాను. ఓఎస్‌పీఎఫ్‌లో అవతలి రౌటర్ (నైబర్) ఫుల్‌లోనే, అంటే పూర్తిగా కలిసిన స్థితిలోనే ఉంది కాబట్టి సరే అనుకున్నాను. మర్నాడు ల్యాబ్ మళ్లీ ఆన్ చేస్తే ఓఎస్‌పీఎఫ్ ఎక్స్‌స్టార్ట్‌లో (ఫుల్‌కి ముందు దశ) ఇరుక్కుంది. రౌటర్లు ఒకదాన్నొకటి పలకరించే హలో ప్యాకెట్లకు ఎంటీయూతో పని లేదు, అందుకే నైబర్ కనిపిస్తుంది. తమ డేటాబేస్ సారాంశం పంపుకునే డీబీడీ ప్యాకెట్‌లో మాత్రం ఎంటీయూ విలువ ఉంటుంది. అది తన ఎంటీయూ కంటే పెద్దదైతే రౌటర్ దాన్ని తీసుకోదు. నేను అప్పుడు అంత దూరం ఆలోచించలేదు. ఆ తేడాని పట్టించుకోవద్దని చెప్పే 'ఐపీ ఓఎస్‌పీఎఫ్ ఎంటీయూ-ఇగ్నోర్' కొట్టాను, ఫుల్ అయింది, టాపిక్ అయిపోయిందని టిక్ పెట్టుకున్నాను. నేను పెట్టిన తప్పు సెట్టింగ్ మీద నేనే మూత పెట్టాను. వారం తర్వాత పరీక్ష, ఫెయిల్. ఒక్క ఎంటీయూ వల్లే పోయిందని అనను. కానీ నా చదువంతా ఇలాగే సాగింది: ఎర్రగా ఉన్నది పచ్చగా అయితే చాలు, ఎందుకైందో అక్కర్లేదు.

ఐదు రోజులాగితే మళ్లీ రాయొచ్చు. నేను రెండు నెలలు ఆగాను. మొదట చేసిన పని వైర్‌షార్క్ (ప్యాకెట్ లోపల చూపించే టూల్) తెరిచి, వెళ్లిన రెండు పింగ్‌లనీ, రౌటర్ 1476, లినక్స్ 1448, పక్కపక్కన పెట్టి చూడడం. రెండింటిలోనూ ఐపీ టోటల్ లెంగ్త్ 1476! లినక్స్‌లో -ఎస్ అంటే లోపలి డేటా మాత్రమే. దానికి ఐసీఎంపీ (పింగ్ వాడే ప్రోటోకాల్) హెడర్ 8, ఐపీ హెడర్ 20 కలుస్తాయి. సిస్కో రౌటర్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్‌లో సైజ్ అంటే ఐపీ హెడర్‌తో సహా మొత్తం ప్యాకెట్. 28 బైట్లు ఎక్కడికీ పోలేదు, రెండు టూల్స్ రెండు చోట్ల నుంచి లెక్క మొదలుపెట్టాయంతే. ఆ రోజు షిఫ్ట్‌కి నిద్ర లేకుండానే వెళ్లాను, అయినా అలసట తెలియలేదు.

అప్పటినుంచి ప్రతి టూల్‌నీ "నువ్వు లెక్కపెట్టేది దేన్ని?" అని అడగడం అలవాటైంది. విండోస్‌లో సైజ్‌కి -ఎల్, అది కూడా డేటా మాత్రమే. అందుకే మామూలు ఈథర్నెట్ మీద 1472 వెళ్తుంది, 1473 వెళ్లదు. విండోస్‌లో -ఎఫ్ అంటే ముక్కలు చేయొద్దని, లినక్స్‌లో అదే -ఎఫ్ అంటే ఫ్లడ్, ప్యాకెట్ల వరద. ఆఫీసు సర్వర్ మీద చేతి అలవాటుగా కొట్టకండి. ముక్కలు చేయొద్దనడానికి మ్యాక్‌లో పెద్ద -డీ. సిస్కోదే ఇంకో సాఫ్ట్‌వేర్ ఐఓఎస్-ఎక్స్‌ఆర్‌లో ఇంటర్ఫేస్ ఎంటీయూ 1514 అని కనిపిస్తే కంగారు పడొద్దు, 14 బైట్ల ఈథర్నెట్ హెడర్ కూడా అందులో ఉంది.

మిగతా సిలబస్ అందరూ చదివినట్టే చదివాను. వైర్‌లెస్ బలహీనం, ఆటోమేషన్ రోజుకో గంట.

డంప్స్ (బయటికి పొక్కిన ప్రశ్నలు, జవాబులు) బట్టీ పడితే నెలలో అయిపోయేదని టీమ్‌లో చాలామంది అన్నారు. నాకు మొత్తం తొమ్మిది నెలలు, రెండు సార్లు 400 డాలర్ల ఫీజు పట్టింది. దానికి నేనేమీ సిగ్గుపడను. రోజూ రెండు గంటలు, పండగైనా, జ్వరమైనా. మీరూ అలా కూర్చోండి, తప్పదు.

పోయిన వారం డ్యూటీలో ఒక బ్రాంచ్ నుంచి ఫోన్ వచ్చింది. లాగిన్ అవుతోంది, చిన్న మెయిల్స్ వెళ్తున్నాయి, అటాచ్‌మెంట్ పెడితే ఆగిపోతోంది. పీపీపీఓఈ (ఒక రకం బ్రాడ్‌బ్యాండ్) లైన్ అది, ఎంటీయూ 1492. మధ్యలో ఎవరో ఐసీఎంపీ మొత్తం బ్లాక్ చేశారు, 'ప్యాకెట్ పెద్దదైంది, ముక్కలు చేయాలి' అని చెప్పే టైప్ 3 కోడ్ 4 మెసేజ్ వెనక్కి రావడం లేదు. టీసీపీ ఒక్కో ప్యాకెట్‌లో పెట్టే డేటాని ముందే తగ్గించే 'ఐపీ టీసీపీ అడ్జస్ట్-ఎంఎస్ఎస్ 1452' పెట్టి, ఇప్పుడు పంపి చూడండి సార్ అన్నాను. వెళ్లింది.