పది కాకముందే

మా ప్రొద్దుటూరులో పిల్లల సంగతి ఏది తీసినా పెద్దలు చెప్పే మాట ఒకటే: "ముందు పది కానీ." బడి మార్చాలన్నా పది కానీ, సెల్లు కొనియ్యాలన్నా పది కానీ. పాపను ఇంగ్లండుకు పిలుచుకుపోతామంటే మా అమ్మ అన్నదీ అదే. "ఆ సర్టిఫికెట్ చేతికొచ్చినంక పిలుచుకపోండి మేయ్. పది మార్కుల లిస్టు లేనిదాన్ని రేపు ఎవురు నమ్ముతారు?" మా అమ్మ మాటలో న్యాయం లేకపోలేదు. పుట్టిన తేదీ ఎక్కడ అడిగినా మన దగ్గర బయటికి తీసేది ఆ మెమోనే. అయినా 2024లో తొమ్మిది కాగానే పిలుచుకొచ్చినాం. మళ్ళీ నిర్ణయించుకోమన్నా అదే చేస్తాను.

కారణం వట్టి లెక్కలే. ఇంగ్లండులో పిల్లను ఏ తరగతిలో కూర్చోబెట్టాలన్నది వయసును బట్టి చూస్తారు, ఊర్లో ఎంతవరకు చదివిందన్నదాన్ని బట్టి కాదు. సెప్టెంబరు 1 నుంచి మరుసటి ఆగస్టు 31 దాకా పుట్టినవాళ్ళంతా ఒక తరగతి. మా పాప 2010 జనవరిలో పుట్టింది కాబట్టి 2024 సెప్టెంబరుకు ఇయర్ టెన్. ఇక్కడ మన పది పరీక్షల్లాంటివి జీసీఎస్‌ఈలు. ఆ చదువు మామూలుగా ఇయర్ టెన్, ఇయర్ ఇలెవెన్ రెండేళ్ళూ నడుస్తుంది. పరీక్షలు ఇలెవెన్ చివర, మే, జూన్ నెలల్లో. పది ముగించుకుని 2025లో వచ్చుంటే నేరుగా ఇలెవెన్‌లో పడేది. తోటిపిల్లలు సగం సిలబస్ దాటేసి ఉంటారు, ఈమె చేతిలో తొమ్మిది నెలలుంటాయి. ఇంగ్లీషులో, లెక్కల్లో గ్రేడ్ 4, అంటే పాసు లాంటిది, రాకపోతే ఆ తర్వాత కాలేజీలో కూడా ఆ రెండింటినీ మోస్తూనే ఉండాలి. "ఇంటర్ కూడా ఈడనే కానీండి" అన్నారు మా చిన్నాయన. ఇంటర్ అయ్యేసరికి పదిహేడు దాటుతాయి, పద్దెనిమిదికి ఏడాది కూడా మిగలదు. పద్దెనిమిది నిండినాక డిపెండెంటుగా, అంటే మా వీసా మీద ఆధారపడ్డ పిల్లగా, కొత్తగా పిలిపించుకునే దారే లేదు.

మా కడప పక్క విదేశమంటే కువైట్. రాయచోటి, రాజంపేట, కోడూరు దిక్కు ఏ ఊరికి పోయినా కువైట్ డబ్బుతో కట్టిన మిద్దెలు, ఆ మిద్దెల్లో అవ్వల దగ్గర పెరిగే పిల్లలు. ఇంటిపని వీసా మీద పోయిన తల్లులకు పిల్లల్ని పిలిపించుకునే హక్కు లేదు. అందుకే ఏ వయసులో పిలుచుకుపోవాలి అన్న ప్రశ్న మా వీధిలో ఎవరికీ రాలేదు. నేను 2021లో నర్సుగా వచ్చినప్పుడు కూడా అమ్మలక్కలు కువైట్ లెక్కనే అనుకున్నారు. డబ్బు పంపుతుంది, రెండేళ్ళకోసారి వస్తుంది, పిల్ల అవ్వ దగ్గర పెరుగుతుంది.

మా ఆయన 2022లో వచ్చి ఒక గోడౌన్‌లో పనికి కుదిరినాడు. అప్పుడే పాపనూ తెచ్చుకోవచ్చు కదా అని అడుగుతారు. అప్పట్లో ఇద్దరం ఒక్క అద్దె గదిలో, వంటిల్లు ఇంకో మూడు కుటుంబాలతో పంచుకుని బతుకుతున్నాం. ఇద్దరివీ రాత్రి డ్యూటీలు. పన్నెండేళ్ళ ఆడపిల్లను ఆ ఇంట్లో ఎవరిమీద వదిలిపెట్టాలి?

అయితే ఆయన ముందే వచ్చి ఉండడం వీసాకు కలిసొచ్చింది. నాయన ఇండియాలోనే ఉండిపోయి తల్లి ఒక్కతే ఇక్కడుంటే పిల్లను తెచ్చుకోవడం కష్టం. పిల్ల బాధ్యత పూర్తిగా నాదొక్కదాందే అని కాగితాలతో చూపించాలి. నాయన ఊర్లో ఉండి బడి ఫీజు కడుతూ, పేరెంట్స్ మీటింగుకు పోతుంటే ఆ మాట నిలవదు. ఇది తెలియక భర్తను పొలం చూసుకోమని వదిలి, పిల్లకు మాత్రమే అప్లై చేసేవాళ్ళు నాకు తెలుసు. ఇంకొకటి: 2024 మార్చి 11 నుంచి, కేర్ వర్కర్‌గా, అంటే ముసలివాళ్ళను, జబ్బువాళ్ళను చూసుకునే పనికి, కొత్తగా వచ్చేవాళ్ళకు భార్యాపిల్లల్ని తెచ్చుకునే వీలు తీసేసినారు. నర్సులకు ఆ నిబంధన తగల్లేదు. ఆ వారమంతా "అక్కా, మనకూ అంతేనా" అని ఫోన్లే ఫోన్లు.

కాగితాల కథ పొట్టిగా చెప్తాను. పాప బర్త్ సర్టిఫికెట్‌లో పేరు గడి ఖాళీ. పుట్టిన వారానికే మునిసిపాలిటీలో రాయించినారు, పేరు పెట్టినాక మళ్ళీ ఎవరూ అటు పోలేదు. రిజిస్టరైన పదిహేనేళ్ళలోపు పేరు చేర్పించుకోవచ్చు. మాకు గడువు దగ్గరపడింది. మా నాయన మోకాళ్ళ నొప్పులతోనే మీసేవ చుట్టూ తిరిగి చేర్పించినాడు. మీ పిల్లలది ఈ రోజే తీసి చూసుకోండి. తర్వాత పాస్‌పోర్టు, హైదరాబాదులో టీబీ పరీక్ష, వేలిముద్రలు. ఆరు నెలలకు మించి ఉండేవాళ్ళకు ఆ టీబీ సర్టిఫికెట్ లేనిదే ముందుకు జరగదు. నర్సు వీసా కాబట్టి పాపకు కూడా హెల్త్ సర్‌ఛార్జి, అంటే ఇక్కడి ప్రభుత్వ వైద్యానికని వీసాతోపాటు కట్టించుకునే డబ్బు, లేదు. వేరే ఉద్యోగాలవాళ్ళు పద్దెనిమిదేళ్ళలోపు పిల్లకు ఏడాదికి 776 పౌండ్లు కట్టాలి, అదీ వీసా ఎన్నేళ్ళకైతే అన్నేళ్ళదీ ముందే. బడి నుంచి టీసీ, స్టడీ సర్టిఫికెట్, టీకాల కార్డు తెచ్చుకోండి. కార్డు పోయిందంటే ఇక్కడ జీపీ, అంటే మనకు రాసిపెట్టిన ఏరియా డాక్టరు, దగ్గర టీకాలు మళ్ళీ మొదలు.

పాపను అడగడం మాత్రం పొట్టిగా జరగలేదు. మన పెద్దలు పద్నాలుగేళ్ళ పిల్లను ఏమీ అడగరు, "పోదాం పా" అంటారు. నేను అడిగితే నాలుగు రోజులు జవాబు లేదు. ఐదో రోజు ఫోన్లో లిస్టు చదివింది. రోజూ అవ్వతో మాట్లాడాలి, ఆ మాటలు మేం పక్కన నిలబడి వినకూడదు. జడ కత్తిరించమని అనకూడదు. డాక్టరు చదవమని అడగకూడదు. సెలవులిస్తే ప్రొద్దుటూరు. అన్నింటికీ సరే అన్నాను. మూడోదానికి మా ఆయన ఇప్పటికీ సరే అనలేదు, కానీ అడగడం లేదు.

వచ్చిన కొత్తలో పాప ఫ్రిజ్ తలుపు తెరిచే ముందు అడిగేది. "మా, ఈ పెరుగు తినొచ్చునా?" సోఫాలో ఓ అంచున కూర్చునేది. తిన్న గిన్నె కడిగి, తుడిచి, ఎక్కడ పెట్టాలో అడిగి పెట్టేది. మా అమ్మ దగ్గరైతే కంచం ఉన్నచోటే వదిలేసి లేచే పిల్ల. చుట్టమై వచ్చిందని నాకు అర్థమైంది. నన్ను "మీరు" అనలేదు, అంతే తక్కువ. ఒక ఆదివారం నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి సింకు నిండా అంట్లు, పొయ్యిమీద మాడిన చిత్రాన్నం, సోఫా మీద తడి టవలు. ఎంత సంతోషమేసిందో ఇంట్లో చెప్తే మా ఆయన నవ్వినాడు.

బడిలో లెక్కలు ఇబ్బంది పెట్టలేదు. ప్రొద్దుటూరులో పొద్దున ఆరింటి నుంచే స్టడీ అవర్లు కూర్చున్న పిల్ల, ఇక్కడి ఇయర్ టెన్ లెక్కలు చూసి "ఇంతేనా" అనింది. చిక్కంతా ఇంగ్లీషు సాహిత్యం దగ్గర. షేక్స్‌పియర్ నాటకం ఒకటి తప్పదు, పరీక్షలో పుస్తకం చూడనియ్యరు. బట్టీ మా పిల్లలకు కొత్త కాదు, కానీ ఇక్కడ అడిగేది ఆ పాత్ర ఎందుకట్లా చేసింది, నువ్వేమనుకుంటున్నావు అని. పాప పెన్ను కింద పెట్టి అడిగింది, "నేనేమనుకుంటే వాళ్ళకెందుకు మా?" తొమ్మిదేళ్ళు క్వశ్చన్ బ్యాంకులు మింగిన పిల్ల అడగాల్సిన ప్రశ్నే అది. పక్కన కూర్చునే గుజరాతీ పిల్ల ఇంటి భాషలోనే ఒక జీసీఎస్‌ఈ రాసేస్తుంది. తెలుగుకు ఆ పరీక్షే లేదు. ఊర్లో తెలుగులో ఎప్పుడూ ఫస్టు వచ్చేదని మా నాయనకు ఇప్పటికీ కోపం.

ఇద్దరికీ రాత్రి డ్యూటీ పడే రోజులు తలనొప్పే. పిల్లను ఇంట్లో ఒంటరిగా ఏ వయసు నుంచి వదలొచ్చో ఇక్కడి చట్టం అంకె చెప్పదు. పదహారేళ్ళలోపు పిల్లల్ని రాత్రంతా ఒంటరిగా ఉంచొద్దని పిల్లల రక్షణ సంస్థ ఎన్‌ఎస్‌పీసీసీ చెప్తుంది. నేను రాతపూర్వకంగా అడిగి రోస్టర్ మార్పించుకున్నాను. జీతంలో రాత్రుల అలవెన్సు పోయింది. పిల్లల్ని తెచ్చుకోవాలనుకునేవాళ్ళు టికెట్టు ఖర్చు కంటే ముందు ఈ లెక్క వేసుకోండి.

నేను ఏది కాదన్నా అప్పీలు ప్రొద్దుటూరుకు పోతుంది. స్నేహితురాలి ఇంట్లో రాత్రి పడుకుంటానంది, వద్దన్నాను. పది నిమిషాల్లో మా అమ్మ ఫోన్: "ఆ పిల్ల అమ్మ ఎవురు, ఏం పని చేస్తాది, ఇంట్లో మగపిల్లోళ్ళు ఉండారా, అన్నీ కనుక్కుని పంపించు మేయ్." ఆ ప్రశ్నలకు జవాబులన్నీ పాప అప్పటికే రాసి పెట్టుకుంది. నాకు ఒళ్ళు మండింది. పంపించినాను. మా అమ్మ పెంచిన పిల్ల, మా అమ్మకు ఆ అధికారం ఉంది. తెలిసిన కొందరు పిల్ల మనసు కుదురుకోవాలని అవ్వకు ఫోన్లు తగ్గించినారు. నేనైతే ఆ పని చెయ్యను.

తర్వాత నడిచిన పంచాయితీ దసరాది. ప్రొద్దుటూరు దసరా అంటే తెలిసిందే కదా, అమ్మవారిశాల దగ్గర ఆ పది రోజులూ ఊరు నిద్రపోదు. 2025లో విజయదశమి అక్టోబరు 2న పడింది, బడి నడిచే రోజుల్లో. బడివాళ్ళు ఒప్పుకోకుండా మానిపించి పిలుచుకుపోతే జరిమానా వెయ్యొచ్చు, ఒక్కో తల్లిదండ్రికి 80 పౌండ్లు, మూడు వారాల్లో కట్టకపోతే 160. పైగా ఇలెవెన్, పరీక్షల ఏడు. అందుకే ఆగస్టులోనే పంపించినాం. మా అమ్మ ఫోన్లో అరిచింది: "పండగ లేని నెలలో పంపించి పండగ నెలలో దాన్ని బడిలో కూర్చోబెడతావా? ఆ నూటా అరవై ఏందో నేనే కడతా, ఎంతయితాది మన డబ్బుల్లో?" ఇద్దరికీ కలిపి లెక్కగట్టి చెప్పినాను. కాసేపు పలకలేదు. తర్వాత, "జరిమానా లేకుండా అడిగి చూడండి ముందు" అనింది.