ఓఎల్‌ఈడీ తెరలో నీలం ఎందుకు ముందుగా తగ్గుతుంది?

ఓఎల్‌ఈడీల (కరెంటు పారితే తామే వెలిగే సేంద్రియ పదార్థాల పొరల) విషయంలో సామర్థ్యాన్ని, అంటే ఇచ్చిన కరెంటులో ఎంత వెలుగుగా మారుతుందన్న దాన్ని, ఒక సమస్యగా, రంగు నిలకడను మరొక సమస్యగా విడదీసి చెప్పడం అలవాటైపోయింది గానీ, నా దృష్టిలో రెండింటికీ మూలం చాలావరకు ఒక్కటే: ఎలక్ట్రాన్, హోల్ (ఎలక్ట్రాన్ లేక ఏర్పడిన ధనావేశపు ఖాళీ) కలిసినప్పుడు పుట్టే ఎక్సైటాన్ అనే శక్తి నిండిన స్థితి వెంటనే వెలుగుగా మారుతుందా, లేక అక్కడే ఉండిపోయి చుట్టూ ఉన్న అణువులను పాడుచేస్తుందా అన్నదే.

ఎలక్ట్రాన్ల స్పిన్‌ను బట్టి ఈ ఎక్సైటాన్లు రెండు రకాలు: 25 శాతం సింగ్లెట్లు, 75 శాతం ట్రిప్లెట్లు. సాధారణ ఫ్లోరెసెంట్ పదార్థంలో సింగ్లెట్లే వెలుగునిస్తాయి కనుక మిగిలిన భాగం దాదాపు వృథా. 1987లో ఈస్ట్‌మన్ కోడాక్ శాస్త్రవేత్తలు టాంగ్, వాన్ స్లైక్ ప్రకటించిన పరికరం సామర్థ్యం సుమారు 1 శాతమే. 1998లో అమెరికా శాస్త్రవేత్తలు ఫారెస్ట్, థాంప్సన్‌ల బృందాలు ప్లాటినం ఉన్న అణువుతో ట్రిప్లెట్ల నుంచి కూడా వెలుగు రాబట్టాయి. దాంతో ఎరుపు, ఆకుపచ్చ రంగుల కష్టం చాలావరకు తీరింది.

నీలం కష్టం మాత్రం తీరలేదు. 460 నానోమీటర్ల నీలికాంతి ఫోటాన్‌కు సుమారు 2.7 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉంటుంది. అంతటి శక్తితో ఆలస్యంగా మిగిలిన ట్రిప్లెట్ మరో ట్రిప్లెట్‌నో, విద్యుదావేశం ఉన్న అణువునో తాకితే, రెండింటి శక్తీ ఒకచోట చేరి రసాయన బంధమే తెగిపోవచ్చు. తెగిన ముక్క ఊరికే ఉండదు, పక్కన పుట్టే వెలుగును కూడా మింగేస్తుంది. అందుకే వాణిజ్య తెరల్లో నీలానికి చాలాకాలం ఫ్లోరెసెంట్ పదార్థాన్నే నమ్ముకున్నారు.

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరి ఒక రిపేరు షాపులో ఈ అరుగుదల కంటికి కనిపించింది. పాత ఫోనులో తెల్లని బొమ్మ తెరిస్తే తెరంతా లేత పసుపు పచ్చగా ఉంది, కీబోర్డు గళ్లు నీడలా మిగిలిపోయాయి. "కాంబో మార్చాలె సార్" అని షాపతను తేల్చేశాడు, అంటే తెర, దాని టచ్ గాజు కలిపి మొత్తం మార్చాలని. మన ఎండల్లో తెర కనబడాలంటే వెలుగు పూర్తిగా పెంచక తప్పదు. ఎక్కువ కరెంటు, దానికి తోడు వేడి, రెండూ నీలం ఆయుష్షునే ముందుగా తగ్గిస్తాయి.

వేర్వేరు రంగుల పొరలు కలిసి తెల్లని వెలుగునిచ్చే ఓఎల్‌ఈడీ దీపాల్లో చిక్కు ఇంకొంచెం వేరు. వోల్టేజీ మారితే ఎలక్ట్రాన్లు, హోల్స్ కలిసే చోటు ఒక పొర నుంచి మరో పొర వైపు కదులుతుంది కనుక, ఏమీ అరగకముందే రంగు మారిపోతుంది. ఎలక్ట్రాన్లను మోసే పదార్థాన్ని, హోల్స్‌ను మోసే పదార్థాన్ని ఒకే పొరలో కలిపితే ఆ చోటు విస్తరించి, ఎక్సైటాన్ల ఒత్తిడి తగ్గుతుంది. సామర్థ్యమూ, రంగూ కలిసే నిలబడతాయి. రెండు వెలుగు పొరలను ఒకదానిపై ఒకటి పేర్చే టాండెమ్ పద్ధతి నాకు మరింత నచ్చింది, ఎందుకంటే అదే వెలుగుకు దాదాపు సగం కరెంటు చాలు. వోల్టేజీ మాత్రం ఇంచుమించు రెట్టింపవుతుంది కాబట్టి, దక్కేది విద్యుత్తు ఆదా కన్నా ఎక్కువగా తెర ఆయుష్షే.